లెక్కల సాఫ్ట్‌వేర్‌కి మనిషిని ఇలా ఎంచుకోకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో వచ్చే ఉద్యోగాల పేజీని నేను వదలకుండా చదువుతాను. ఉద్యోగం కోసం కాదు. మా టీమ్‌కి మనిషి కావాల్సి వచ్చినప్పుడల్లా ప్రకటన ఎలా రాయాలో తెలియక తంటాలు పడుతుంటాం, మిగతావాళ్ళు ఎలా రాస్తున్నారో చూద్దామని. నేను 19 ఏళ్ళుగా గణిత సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. అంటే యాప్‌లు, వెబ్‌సైట్లు కాదు, వాటన్నిటికీ అడుగున ఎక్కడో ఉండి లక్షల సమీకరణాల్ని ఒకేసారి సాధించి పెట్టే లైబ్రరీలు, అంటే వేరే ప్రోగ్రామ్‌లు పిలిచి వాడుకునే రెడీమేడ్ కోడ్. వంతెన ఎంత బరువు మోస్తుంది, రేపు వాన పడుతుందా, విమానం రెక్క మీద గాలి ఎలా పారుతుంది అని లెక్కగట్టే ప్రోగ్రామ్‌లు చివరికి ఇలాంటి లైబ్రరీలనే పిలుస్తాయి. ఈ పనికి మనిషిని తీసుకునే పద్ధతి నేను చూసినంతలో దాదాపు ప్రతిచోటా తప్పుగానే ఉంది. ఆ తప్పు నేనూ చేశాను, దాని ఫలితమూ చూశాను, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

ముందు ప్రకటనల సంగతి. పైన "అత్యంత వేగంగా నడిచే గణిత సాఫ్ట్‌వేర్ రాయగల డెవలపర్ కావలెను" అని ఉంటుంది. కింద సీ ప్లస్ ప్లస్, పైథాన్, జావా, డేటాబేస్, క్లౌడ్ అంటూ పది పేర్లు, ఎనిమిదేళ్ళ అనుభవం, ఒత్తిడిలో పనిచేయగల నేర్పు. ఏ గణితమో మాత్రం ఒక్క ముక్క ఉండదు. నిండు మాత్రికలతో (మాత్రిక అంటే అడ్డంగా, నిలువుగా పేర్చిన సంఖ్యల పట్టిక) పని వేరు, నూటికి తొంభై తొమ్మిది సున్నాలే ఉండే మాత్రికలతో పని వేరు. మొదటిదాంట్లో ప్రాసెసర్‌ని ఒక్క క్షణం ఖాళీగా కూర్చోనివ్వకుండా సంఖ్యలు అందిస్తూ ఉండటమే సమస్య అయితే, రెండోదాంట్లో సున్నా కాని సంఖ్య ఎక్కడుందో వెతుక్కోవడానికే సగం సమయం పోతుంది. ఇక లక్షల అంకెలున్న పూర్ణసంఖ్యల్ని ఒక్క అంకె కూడా పోకుండా గుణించేవాళ్ళది పూర్తిగా వేరే లోకం. అక్కడ దశాంశాలూ లేవు, రౌండింగూ లేదు, జవాబు అయితే మొత్తం కరెక్ట్, లేదంటే మొత్తం తప్పు. ఈ పెద్ద సంఖ్యల పనికి వాడే జీఎంపీ లాంటి లైబ్రరీ మీద పదేళ్ళు పనిచేసినవాణ్ణి తీసుకొచ్చి వాతావరణ మోడల్ ముందు కూర్చోబెడితే అతనికి మళ్ళీ ఓనమాలే. చేయాల్సిన లెక్క ఏమిటి, అది ఎంత పెద్దది, ఏ మిషన్ మీద నడవాలి, ఇప్పుడు ఎంతసేపు పడుతోంది, ఎంతసేపట్లో అయిపోవాలి అన్నవి ప్రకటనలో రాస్తే చాలు, సరైనవాళ్ళు చూసి గుర్తుపట్టి వస్తారు. ఎనిమిదేళ్ళు, పదేళ్ళు అన్న అంకెతో ఏమీ తెలియదు.

ఇప్పుడు మా తప్పు. నాలుగేళ్ళ కిందట మేం ఒక కుర్రాణ్ణి తీసుకున్నాం. మంచివాడు, తెలివైనవాడు, ఇప్పుడు వేరేచోట బాగా స్థిరపడ్డాడు. అప్పట్లో మా సంస్థలో ఇంటర్వ్యూ అంటే ఐదు రౌండ్లు, ఐదింట్లోనూ పజిళ్ళే. లింక్డ్ లిస్ట్‌ని తిరగేయడం, ట్రీలో దగ్గరి దారి కనుక్కోవడం, రెండు స్ట్రింగుల్లో ఉమ్మడి భాగం పట్టుకోవడం లాంటివి. అన్నీ బోర్డు మీద టకటకా చేసేశాడు. ఇంటర్వ్యూ చేసిన ఐదుగురం సరే అన్నాం. దశాంశ సంఖ్య కంప్యూటర్‌లో ఎలా ఉంటుందని మాలో ఒక్కరం కూడా అతన్ని అడగలేదు.

చేరిన రెండో నెలలో లైబ్రరీలో ఒక భాగాన్ని రెండున్నర రెట్లు వేగం చేశానని వచ్చాడు. కోడ్‌లో ఏమీ మార్చలేదు, కోడ్‌ని మిషన్ నడిపే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్‌కి ఇచ్చే ఫ్లాగుల్లో, అంటే సెట్టింగుల్లో, ఒకటి చేర్చాడు, ఫాస్ట్ మ్యాథ్ అంటారు దాన్ని. టెస్టులన్నీ పాసయ్యాయి. అందరం మెచ్చుకున్నాం. రివ్యూ చేసి ఓకే పెట్టింది నేనే. రిలీజ్ వెళ్ళిన కొన్ని వారాలకి ఒక కస్టమర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది: ఇన్‌పుట్ అదే, పాత వెర్షన్ జవాబుకీ కొత్తదానికీ ఆరో అంకె దగ్గర తేడా వస్తోంది, మేం ఏది నమ్మాలి?

అది ఎక్కడుందో కనుక్కోవడానికి మూడు వారాలు పట్టింది. ఏం జరిగిందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ ఉద్యోగం అంటే ఏమిటో ఇందులోనే తెలుస్తుంది. మామూలుగా వాడే 64 బిట్ల దశాంశ సంఖ్య దాదాపు 16 అంకెల వరకే గుర్తుపెట్టుకోగలదు. 1 పక్కన 16 సున్నాలు పెట్టి దానికి 1 కలపండి, జవాబు మారదు. ఇంకో 1 కలపండి, మారదు. అలా ఒక్కొక్కటిగా వెయ్యి సార్లు కలిపినా ఆ వెయ్యీ ఏమైపోయాయో తెలియదు, మొత్తం అక్కడే ఉంటుంది. దీనికి విలియం కాహన్ అనే గణితవేత్త 1965లో ఒక ఉపాయం ప్రచురించాడు. కూడిన ప్రతిసారీ ఎంత చిల్లర రాలిపోయిందో పక్కన ఒక వేరియబుల్‌లో పట్టి ఉంచి, తర్వాతి కూడికలో దాన్ని సర్దడం. ఆ చిల్లరని పట్టే లైను ఏం చేస్తుందంటే, కొత్త మొత్తంలోంచి పాత మొత్తాన్ని తీసేసి, మిగిలినదాంట్లోంచి ఇప్పుడు కలిపిన సంఖ్యని తీసేస్తుంది. బడిలో నేర్చుకున్న బీజగణితం ప్రకారం చూస్తే అది ఎప్పుడూ సున్నాయే. ఫాస్ట్ మ్యాథ్ ఫ్లాగ్ కంపైలర్‌కి చెప్పేది కూడా సరిగ్గా అదే: ఈ సంఖ్యలు బడి బీజగణితాన్ని పాటిస్తాయనుకుని నీకు తోచినట్టు సర్దుకో. సర్దేసింది. ఎప్పుడూ సున్నా వచ్చే లైను ఎందుకని తీసిపారేసింది. పదకొండేళ్ళ కిందట నేను నా చేత్తో రాసిన లైను అది. సోర్స్‌లో చూస్తే అలాగే ఉంది, తయారైన ప్రోగ్రామ్‌లో మాత్రం లేదు. అసెంబ్లీ, అంటే ప్రాసెసర్‌కి వెళ్ళే ఆదేశాల జాబితా, తెరిచి, ఒక కూడిక, మూడు తీసివేతలు ఉండాల్సిన చోట ఒట్టి కూడిక ఒక్కటే ఉండటం చూశాక గానీ నాకు అర్థం కాలేదు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అదే ఫ్లాగ్ ఇంకో పని కూడా చేసింది. సున్నాని సున్నాతో భాగించడం లాంటి అర్థంలేని ఫలితం వచ్చిందా అని మేం పెట్టుకున్న చెక్‌లని, అలాంటివి అసలు రావు అనుకుని, అవి కూడా ఎత్తేసింది.

ఆ అబ్బాయిని ఎవరూ ఒక్క మాట అనలేదు, అనకూడదు కూడా. అతన్ని ఏం అడిగి తీసుకున్నామో అదే ఇచ్చాడు. తప్పు ఇంటర్వ్యూ పెట్టిన మాది, చూసి కూడా ఓకే అన్న నాది, ఆ తేడాని పట్టుకోలేని టెస్టులు రాసుకున్న టీమ్ అందరిదీ.

ఈ రకం తప్పుల్లో నాకు భయం వేసేది ఏమిటంటే, ఇవి ప్రోగ్రామ్‌ని ఆపవు. ఎర్ర అక్షరాలతో ఏ మెసేజీ రాదు. కెనడాలో వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1982 జనవరిలో ఒక కొత్త సూచీని 1000 దగ్గర మొదలుపెట్టింది. లావాదేవీ జరిగినప్పుడల్లా సూచీని మళ్ళీ లెక్కగట్టి, మూడు దశాంశ స్థానాల తర్వాత ఉన్నదాన్ని రౌండ్ చేయకుండా కత్తిరించేసేవాళ్ళు. రోజుకి వేలసార్లు. కత్తిరించిన ప్రతిసారీ పోయేది ఎవరికీ కనబడనంత కొంచెం. 22 నెలలు తిరిగేసరికి సూచీ 520 చుట్టుపక్కలకి వచ్చింది, సరిగ్గా లెక్కేస్తే అది 1098 పైన ఉండాలి. అన్ని నెలలూ ఆ ప్రోగ్రామ్ "బాగానే" నడిచింది.

ఆ దెబ్బ తర్వాత మా ఇంటర్వ్యూ పూర్తిగా మార్చాం. బోర్డు తీసేశాం. ఒక ల్యాప్‌టాప్ పెట్టి అందులో మేం రాసిన రెండు చిన్న ప్రోగ్రామ్‌లు పెట్టాం, ఒకటి మరీ నెమ్మదిగా నడుస్తుంది, ఇంకోటి తప్పు జవాబు ఇస్తుంది. మూడు గంటల టైమ్. ఇంటర్నెట్ వాడుకోవచ్చు, పుస్తకాలు తెచ్చుకోవచ్చు, ఏఐ టూల్ వాడుకోవచ్చు, పక్కనే కూర్చున్న మమ్మల్ని ఏదైనా అడగొచ్చు. ఉద్యోగంలో చేరాక అవన్నీ ఉంటాయి కదా, ఇంటర్వ్యూలో ఎందుకు లాక్కోవాలి?

నెమ్మదిగా నడిచేది రెండు మాత్రికల్ని గుణించే ప్రోగ్రామ్. ఒక్కొక్కటీ 2000 వరసలు, 2000 నిలువు వరసలు. పుస్తకంలో ఉన్నట్టే మూడు లూపులు, మొత్తం 800 కోట్ల గుణకారాలు. తప్పేమీ లేదు, జవాబు సరిగ్గానే వస్తుంది. కానీ లోపలి లూప్ రెండో మాత్రికలో నిలువుగా దిగుతూ పోతుంది. సీ భాషలో మాత్రిక మెమరీలో అడ్డంగా, ఒక వరస తర్వాత ఇంకో వరసగా పరిచి ఉంటుంది. ఇప్పటి మామూలు ప్రాసెసర్‌కి మెమరీ నుంచి ఒక్క సంఖ్య కావాలన్నా 64 బైట్లు, అంటే ఎనిమిది సంఖ్యలు, కలిసి క్యాష్‌లోకి, అంటే ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న, వేగమైన మెమరీలోకి, వస్తాయి. నిలువుగా దిగినప్పుడు అందులో ఒకటే పనికొస్తుంది, తర్వాతి సంఖ్య 16,000 బైట్ల అవతల ఉంటుంది, మిగతా ఏడూ వాడుకునేలోపే చాలావరకు క్యాష్‌లోంచి బయటికి పోతాయి. క్యాష్‌లో ఉన్న సంఖ్య నాలుగైదు క్లాక్ సైకిళ్ళలో చేతికొస్తే, మెయిన్ మెమరీ దాకా వెళ్ళి తేవాలంటే వందల సైకిళ్ళు. లోపలి రెండు లూపుల్ని అటూ ఇటూ మారిస్తే చాలు, అవే గుణకారాలు, అవే కూడికలు, ప్రోగ్రామ్ ఎన్నో రెట్లు వేగంగా పరిగెడుతుంది.

చాలామంది ల్యాప్‌టాప్ తెరవగానే టైప్ చేయడం మొదలుపెడతారు. ఎక్కువమంది ముందు చేసేది థ్రెడ్లు పెట్టి ఎనిమిది కోర్లకీ పని పంచడం. వేగం కొంత పెరుగుతుంది కూడా. కానీ ఎందుకు నెమ్మదిగా ఉందో చూడకుండానే మందు వేసినట్టు. ఎంత పెరిగిందని అడిగితే "బాగానే పెరిగింది మేడమ్" అంటారు, అంకె చెప్పరు. టైమ్ చూసుకోలేదు మరి.

ఒకమ్మాయి వచ్చింది. గణితం చదువుకుంది, సాఫ్ట్‌వేర్ అనుభవం ఏడాదిన్నర, పాత పద్ధతిలో అయితే ఆమె రెజ్యూమె మా దాకా వచ్చేదే కాదు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, ఈ మిషన్‌లో క్యాష్ ఎంత?" తర్వాత చాలాసేపు కోడ్ ముట్టుకోలేదు. అదే ప్రోగ్రామ్‌ని 500 సైజుకి, 1000కి, 2000కి నడిపి, ఒక్కోటి మూడేసి సార్లు, పట్టిన సెకన్లన్నీ నోట్‌బుక్‌లో పెన్నుతో రాసుకుంది. కాసేపు ఆ అంకెల్ని చూసి, "సైజు రెట్టింపైతే పని ఎనిమిది రెట్లే కదా పెరగాలి, మరి టైమ్ ఇక్కడ అంతకంటే ఎక్కువ పెరిగింది, అంటే ఇది లెక్క చేసే టైమ్ కాదు, సంఖ్యల కోసం ఎదురుచూసే టైమ్" అంది. నా పక్కన కూర్చున్న సహోద్యోగి, ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఆయనది, కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు. అప్పుడు ఆమె రెండు లైన్లు మార్చింది, మళ్ళీ నడిపింది, మళ్ళీ రాసుకుంది. ఆ తర్వాత చెప్పిన మాటకి నేను మనసులోనే ఆమెని తీసేసుకున్నాను. "నిజంగా పనిలో అయితే దీన్ని నేను రాయను మేడమ్, ఓపెన్‌బ్లాస్‌ని పిలుస్తాను." మాత్రికల పనులు చేసిపెట్టే రెడీమేడ్ లైబ్రరీ అది, పిలిచి చూపించింది. తను మార్చిన దానికంటే అది ఇంకా చాలా వేగంగా నడిచింది. "ఇంత తేడా ఎందుకు వస్తోందో నాకు సగమే తెలుసు" అని కూడా చెప్పింది.

ఆ సగం తెలుసని చెప్పడం నాకు ఎంతో నచ్చింది. ఎందుకంటే ఆ మిగతా సగం వెనక దశాబ్దాల కష్టం ఉంది. బ్లాస్ అనే ఈ మాత్రికల పనుల జాబితా మొదటిసారి 1979లో ప్రచురితమైంది, దాని మీద కట్టిన లాప్యాక్ అనే లైబ్రరీ 1992లో వచ్చింది, ఆ పనుల్లో ముందున్న జాక్ డొంగారాకి కంప్యూటర్ రంగంలో పెద్ద పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు 2021కి గాను ఇచ్చారు. దీన్నంతా పక్కన పెట్టి నేనే కొత్తగా రాస్తానని మూడు నెలలు కూర్చునేవాళ్ళని చూశాను, వాళ్ళ ఉత్సాహాన్ని తప్పుపట్టను, కానీ జీతం ఇచ్చే పనిలో ఏది రాయకూడదో తెలియడం కూడా పనే.

ఓపెన్‌బ్లాస్ పేరు వచ్చింది కాబట్టి దాని పుట్టుక చెప్పాలి. అది గోటోబ్లాస్ అనే లైబ్రరీ నుంచి వచ్చింది. దాన్ని రాసిన కజుషిగె గోటో అప్పట్లో జపాన్ పేటెంట్ ఆఫీసులో ఉద్యోగి. మాత్రికల గుణకారాన్ని అసెంబ్లీలో చేత్తో రాసి, ఒక దశలో ప్రపంచంలోని పెద్ద పెద్ద సూపర్‌కంప్యూటర్ల మీద వాడేంత వేగంగా నడిపించాడు. మిగతావాళ్ళు చిన్న క్యాష్ మీదే దృష్టి పెట్టిన రోజుల్లో ఆయన దాని తర్వాతి పెద్ద క్యాష్‌నీ, మెమరీ చిరునామాలు వెతికిపెట్టే టీఎల్‌బీ అనే చిన్న పట్టికనీ పట్టించుకున్నాడు. ప్రోగ్రామ్ ఎక్కడ ఆగుతోందో కొలిచినవాడికే అది తడుతుంది. ఇవాళ పేటెంట్ ఆఫీసులో పనిచేసే ఒక మనిషి రెజ్యూమె మన హెచ్‌ఆర్ ఫిల్టర్ దాటుతుందా చెప్పండి. సంబంధిత అనుభవం సున్నా అని మొదటి నిమిషంలోనే పక్కన పడేస్తాం.

ఊహించడం మానేసి కొలవడం అన్నది ఈ రంగంలో పెద్దవాళ్ళ నుంచి నేర్చుకున్నదే. ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్‌కి (ఒక సిగ్నల్‌ని అందులోని పౌనఃపున్యాలుగా విడగొట్టే లెక్క అది) ఎక్కువగా వాడే ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ లైబ్రరీ 1997లో వచ్చింది. మనం అడిగితే అది అసలు పని మొదలుపెట్టే ముందు, మన మిషన్ మీదే రకరకాల దారుల్ని నడిపి టైమ్ చూసుకుని ఏది వేగమో దాన్ని ఎంచుకుంటుంది. జీఎంపీతో పాటు ట్యూనింగ్ ప్రోగ్రామ్ ఒకటి ఇస్తారు. చిన్న సంఖ్యలకి బడిలో నేర్పే గుణకారమే మేలు, కొంచెం పెద్దవైతే కరత్సుబా పద్ధతి మేలు, ఇంకా పెద్దవైతే వేరేది, ఎక్కడ ఒకదాని నుంచి ఇంకోదానికి మారాలన్నది మిషన్ మిషన్‌కీ మారుతుంది కాబట్టి ఆ గీత ఎక్కడ గీయాలో కొలిచి చెప్పడానికి. అంత తెలిసినవాళ్ళే ఊహ మీద ఆధారపడటం లేదు. ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లలు "ఇది వేగం అనుకుంటున్నాను" అన్నప్పుడు నేను వెంటనే "ఎంత?" అని అడిగేది అందుకే.

రెండో ప్రోగ్రామ్ సంగతి. అందులో 12 సమీకరణాలు, 12 తెలియని రాశులు. మొదటి వరస 1, ½, ⅓ అలా సాగుతుంది, రెండో వరస ½తో మొదలవుతుంది, మూడోది ⅓తో. దీన్ని హిల్బర్ట్ మాత్రిక అంటారు. అసలు జవాబులన్నీ 1 రావాలని కుడివైపు అంకెలు మేమే పెట్టాం. నడిపితే కొన్ని జవాబులు 1 నుంచి బాగా పక్కకి జరిగి వస్తాయి. అభ్యర్థి కోడ్‌లో బగ్ కోసం వెతుకుతాడు. బగ్ లేదు. వచ్చిన తప్పు జవాబుల్ని తిరిగి సమీకరణాల్లో పెడితే రెండు వైపులా దాదాపు సరిపోతాయి కూడా! అక్కడే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. సమీకరణాలే అలాంటివి, ఇన్‌పుట్‌లో చివరి అంకె కదిలితే జవాబులో మొదటి అంకెలు కదిలిపోతాయి. ఇదే మాత్రిక 10 సైజులో ఉంటే ఆ కుదుపు (దీన్ని కొలిచే అంకెని కండిషన్ నంబర్ అంటారు) ఒకటి పక్కన 13 సున్నాల రెట్లకి పైనే, అంటే మనకున్న 16 అంకెల్లో 13 పోయి మూడు మిగులుతాయి. 12కి వచ్చేసరికి ఆ 16 కూడా చాలవు.

ఈ మాత్రిక పేరు తెలుసా అని మేం ఎవర్నీ అడగం. తెలిస్తే మంచిదే, తెలియకపోయినా ఫర్వాలేదు. జవాబుని అనుమానించి పరీక్షించడానికి ఒక దారి వెతుక్కుంటాడా, అదొక్కటే చూస్తాం. ఒకాయన వచ్చాడు, నలభై దాటిన మనిషి, ఎలక్ట్రానిక్స్ నుంచి ఇటు వచ్చాడు. కండిషన్ నంబర్ అన్న మాటే వినలేదన్నాడు. కానీ అరగంట తర్వాత ఏం చేశాడంటే, 50 అంకెలతో లెక్కచేసే లైబ్రరీ ఒకటి దించుకుని, కోడ్ అలాగే ఉంచి సంఖ్యల రకం మాత్రం మార్చి నడిపాడు. మాత్రికలోని భిన్నాలతో సహా అన్నీ 50 అంకెల్లోనే. అన్నీ ఒకట్లే వచ్చాయి. "కోడ్ కరెక్టే మేడమ్, అంకెలు చాలడం లేదు" అన్నాడు. పాఠ్యపుస్తకం చదివి పేరు చెప్పినవాళ్ళ కంటే నాకు ఆయన మీద ఎక్కువ నమ్మకం కుదిరింది.

ఆయన చేరలేదు. ఇక్కడ నాకు నిజంగా బాధ. మేం ఇవ్వగలిగింది రెండేళ్ళ కాంట్రాక్ట్, అదీ ఒక ప్రాజెక్టుకి వచ్చిన నిధుల మీద ఆధారపడింది. ఇద్దరు పిల్లలున్న మనిషి, స్థిరమైన ఉద్యోగం వదిలి రెండేళ్ళ కోసం ఎందుకు వస్తాడు? పరిశోధన సంస్థల్లో ఈ పోస్టులు ఎక్కువగా ఇలాగే ఉంటాయి. పెద్ద లైబ్రరీని అర్థం చేసుకుని, ధైర్యంగా అందులో చెయ్యి పెట్టడానికే ఏడాది పడుతుంది. రెండో ఏడు సగంలో ఆ మనిషి తర్వాతి ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెడతాడు. అతను వెళ్ళాక ఆ కోడ్ ఎందుకలా ఉందో చెప్పేవాడు ఉండడు. పైగా అక్కడ ప్రమోషన్ ఇచ్చేది ప్రచురించిన పరిశోధన పేపర్లని బట్టి. ఆరు నెలలు కూర్చుని ఒక రొటీన్‌ని నాలుగు రెట్లు వేగం చేసి, దాని మీద ఆధారపడ్డ వందమంది పరిశోధనని ముందుకు జరిపినవాడికి చూపించడానికి ఒక్క పేపర్ ఉండదు. బ్రిటన్‌లో 2012 నుంచి ఇలాంటివాళ్ళకి రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని పేరు పెట్టుకుని, ఇదొక వృత్తి అని గుర్తించాలని పనిచేస్తున్నారు. పేరంటూ ఉంటే పోస్టు అడగొచ్చు, పోస్టు ఉంటే ప్రమోషన్ అడగొచ్చు. కంపెనీల్లో పేపర్ల గొడవ లేదు కానీ, స్క్రీన్ మీద కనబడే బటన్ పెట్టినవాడికి దొరికే గుర్తింపు దాని వెనక లెక్క సరిచేసినవాడికి దొరకదు.

గణితంలో పీహెచ్‌డీ ఉన్నవాళ్ళనే తీసుకోవాలని కొందరు, కాదు మంచి ప్రోగ్రామర్‌ని తీసుకుని గణితం నేర్పుకోవచ్చని కొందరు అంటుంటారు. రెండు రకాలవాళ్ళతోనూ పనిచేశాను. రెండూ వచ్చిన ఒకే మనిషి కోసం ఏడాదిపాటు పోస్టు ఖాళీగా ఉంచడం కంటే ఇద్దరిని తీసుకుని ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టడం మేలని నా అనుభవం. మా దగ్గర ఆ అమ్మాయి, ఆ కళ్ళజోడు సహోద్యోగి అలాగే కూర్చుంటారు. లెక్క ఎక్కడ వంకర పోతుందో ఆమె చెప్తుంది, ప్రాసెసర్ ఎక్కడ ఆగుతుందో ఆయన చెప్తాడు. ఒకరి కోడ్ ఒకరు చూడకుండా ఏదీ లోపలికి రాదు. ఫ్లాగ్ మార్చినా సరే.

ఈ పని మీద ఆసక్తి ఉన్న విద్యార్థులు మీ పాఠకుల్లో ఉంటే వాళ్ళకి ఒక్క మాట. కోర్సులు, సర్టిఫికెట్ల కంటే ముందు మీ ల్యాప్‌టాప్‌లో మాత్రికల గుణకారం మీరే రాయండి, ఓపెన్‌బ్లాస్‌తో పోల్చి ఎన్ని రెట్లు వెనకబడ్డారో కొలవండి, ఆ తేడాని సగానికి తేవడానికి ప్రయత్నించండి. ఐఈఈఈ 754 అని 1985లో వచ్చిన ప్రమాణం ఉంది, దశాంశ సంఖ్యని 64 బిట్లలో ఎలా రాయాలో చెప్తుంది, దాన్ని కాగితం మీద రాసుకుని 0.1కి ఏ బిట్లు వస్తాయో చేత్తో వేసి చూడండి. 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 ఎందుకు రాదో మీ చేతికే తెలుస్తుంది. తర్వాత ఏదైనా ఓపెన్ సోర్స్ గణిత లైబ్రరీకి ఒక టెస్టు రాసి పంపండి, ఫీచర్ కాదు, టెస్టే. రెజ్యూమెలో అది కనబడితే నేను మిగతా పేజీ చదవకముందే ఫోన్ చేస్తాను.

హెచ్‌ఆర్ వాళ్ళకీ, టీమ్ లీడర్లకీ నా విన్నపం. మీ దగ్గర నిజంగా బాధపెట్టిన ఒక బగ్ ఉండే ఉంటుంది, మూడు వారాలు తిన్నదో, మూడు నెలలు తిన్నదో. పజిళ్ళ పుస్తకం పక్కన పెట్టి దాన్ని కుదించి చిన్న ప్రోగ్రామ్‌గా రాసి ఇంటర్వ్యూలో పెట్టండి. మేం ఆ కాహన్ లైను పోయిన కోడ్‌నే ఇప్పుడు మూడో ప్రోగ్రామ్‌గా చేర్చాం, ఫ్లాగ్‌తో సహా. వచ్చే నెలలో మళ్ళీ ఇంటర్వ్యూలు ఉన్నాయి. ఈసారి పోస్టు కాంట్రాక్ట్ కాకుండా పర్మనెంట్ చేయమని మా సంస్థలో అడిగి ఆరు నెలలైంది, ఇంకా జవాబు రాలేదు. ఆ ఎలక్ట్రానిక్స్ ఆయన నంబర్ మాత్రం నా దగ్గర ఉంది, జవాబు వచ్చిన రోజే ఫోన్ చేస్తాను.

ఇట్లు
మీ పాఠకురాలు,
గణిత సాఫ్ట్‌వేర్ ఇంజనీరు